పాత పీసీకి కొత్త సౌండ్ కార్డు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే సంగతి. అటక మీది పెంటియమో, 486నో దించి దుమ్ము దులిపారు. పాత సౌండ్ కార్డు పోయింది. దాని జాగాలో తర్వాతి కాలపు కార్డు పెడితే సగం పనులు అవుతున్నాయి, సగం కావడం లేదు. వాటిలోంచి అందరికీ పనికొచ్చే ప్రశ్నలు ఏరి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా దగ్గర పెంటియం 233 ఎంఎంఎక్స్ ఉన్నది. ఇంటెల్ 430టీఎక్స్ బోర్డు, ఐఎస్ఏ స్లాట్లు మూడు, పీసీఐ నాలుగు. సౌండ్ బ్లాస్టర్ లైవ్ కార్డు దొరికితే పెట్టిన. విండోస్ 98ల పాటలు మంచిగ వస్తున్నయి. డాస్ ఆటలు పెడితే మాత్రం చప్పుడే లేదు. కార్డు ఖరాబైందా? – ఒక పాఠకుడు, హనుమకొండ

ఖరాబు కాలేదు. విండోస్‌లో పాట వినిపిస్తోందంటే కార్డు నిక్షేపంగా ఉన్నట్టే. విండోస్ ప్రోగ్రాముకు శబ్దం కావాలంటే డ్రైవర్‌ను అడుగుతుంది. కార్డు ఏదైనా సరే, దాని సంగతి డ్రైవరే చూసుకుంటుంది. డాస్ (విండోస్‌కు ముందటి ఆపరేటింగ్ సిస్టమ్) ఆటకు ఆ మధ్యవర్తి లేడు. అది నేరుగా వెళ్లి హెక్సా 220 అనే పోర్టు తలుపు తడుతుంది. ఐఆర్‌క్యూ 5 (కార్డు ప్రాసెసర్‌ను పిలిచే తీగ) మీద పిలుపు కోసం చూస్తుంది. శబ్దపు డేటాను డీఎంఏ 1 (ప్రాసెసర్ మోయకుండా మెమరీ నుంచి కార్డుకు డేటా వెళ్లే మార్గం) దారిలో పంపుతుంది. 220 అనే ఆ చిరునామా 1989లో వచ్చిన తొలి సౌండ్ బ్లాస్టర్ నాటిది. ఆ తర్వాత వచ్చిన ఆటలన్నీ అక్కడే వెతుక్కున్నాయి.

మీ లైవ్ 1998 నాటి పీసీఐ కార్డు. పాత ఐఎస్ఏ స్లాట్ల తర్వాత వచ్చిన స్లాటు రకం పీసీఐ. పీసీఐ కార్డుకు చిరునామా బయోస్ (మెషిన్ ఆన్ కాగానే నడిచే బోర్డు మీది ప్రోగ్రాము) ఇస్తుంది, అది 220 కాదు. డీఎంఏ ఇంకా పెద్ద అడ్డంకి. మదర్‌బోర్డు మీది పాత డీఎంఏ కంట్రోలర్ నుంచి వచ్చే తీగలు ఐఎస్ఏ స్లాటు వరకే వెళ్తాయి, పీసీఐ స్లాటులో వాటికి పిన్నులే లేవు. అందుకని డాస్‌లో పలకాలంటే పీసీఐ కార్డు ఏదో ఒక ఉపాయం పట్టాల్సిందే.

లైవ్ పట్టిన ఉపాయం సాఫ్ట్‌వేర్‌ది. దాని సీడీలో ఎస్‌బీఈఐనిట్ అనే చిన్న ప్రోగ్రాము ఉంటుంది. అది మెమరీలో కూర్చుని, ఆట 220 తలుపు తట్టినప్పుడల్లా మధ్యలో అందుకుని లైవ్‌కు చేరవేస్తుంది. ఇందుకు కాన్ఫిగ్.సిస్ ఫైల్లో హైమెమ్, ఆ తర్వాత ఈఎంఎం386 (రెండూ మెమరీని చూసుకునే డాస్ ప్రోగ్రాములు) లోడ్ అయి ఉండాలి. ఈఎంఎం386 ఉంటే నడవని ఆటలు కొన్ని ఉన్నాయి. ప్రాసెసర్‌ను సొంతంగా ప్రొటెక్టెడ్ మోడ్‌లోకి (1 ఎంబీకి పైనున్న మెమరీని నేరుగా వాడే పద్ధతి) తీసుకుపోయేవి ఇంకొన్ని. ఆ రెండు రకాల దగ్గరా ఈ ఉపాయం పారదు. పారిన చోట కూడా సంగీతం అసలు యమహా ఎఫ్ఎం చిప్ (పాత కార్డుల్లో సంగీత స్వరాలను తయారు చేసేది) గొంతులా ఉండదు.

రెండో దారి యమహా వైఎంఎఫ్724, 744 చిప్‌లున్న పీసీఐ కార్డులు. వాటి లోపల ఓపీఎల్3 అనే యమహా ఎఫ్ఎం నిజంగానే ఉంటుంది. మదర్‌బోర్డు మీద ఎస్‌బీ-లింక్ అని రాసిన చిన్న హెడర్ ఉందేమో చూడండి. రెండు వరుసల్లో ఆరు పిన్నుల చోటు ఉండి, ఒకటి ఖాళీగా ఉంటుంది. కార్డు మీది అలాంటి హెడర్‌కు కేబుల్ కలిపితే డీఎంఏ కోరికలు ఆ తీగల మీదుగా చిప్‌సెట్‌కు (మదర్‌బోర్డు మీది ముఖ్య చిప్‌లు) చేరతాయి. ఉంటే చాలా మంచి దారి, కానీ కేబుల్ దొరకడమే కష్టం.

మీకు ఐఎస్ఏ స్లాట్లు మూడున్నాయి కాబట్టి మా సలహా వేరే. లైవ్‌ను విండోస్‌కే వదిలేయండి. డాస్ కోసం పక్కన ఒక ఐఎస్ఏ కార్డు పెట్టండి. ఈఎస్ఎస్ ఈఎస్1868, ఈఎస్1869 లేదా యమహా వైఎంఎఫ్718, 719 చిప్‌లున్న కార్డులు ఖరీదైనవి కావు, సౌండ్ బ్లాస్టర్ ప్రో లాగా స్టీరియో ఇస్తాయి. సౌండ్ బ్లాస్టర్ 16 పేరు పెద్దదే గానీ ప్రో కోసం రాసిన ఆటలను మోనోలోనే పలికిస్తుంది. చాలామంది ఇది తెలియక దానికి ఎక్కువ డబ్బు పెడుతున్నారు.

పని వరుస ఇలా ఉండాలి. ముందు విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, లైవ్ తనతో తెచ్చుకున్న ‘ఎస్‌బీ16 ఎమ్యులేషన్’ను డిజేబుల్ చేయండి. 220ను, ఒక ఐఆర్‌క్యూను పట్టుకుని కూర్చునేది అదే. ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో ఎస్‌బీఈఐనిట్ ఉన్న వరుస తీసేయండి. మెషిన్ ఆపి, బయోస్‌లో పీఎన్‌పీ/పీసీఐ పేజీకి వెళ్లి, ఐఆర్‌క్యూ 5, డీఎంఏ 1 రెండింటినీ లెగసీ ఐఎస్ఏకు కేటాయించండి. అప్పుడు ఐఎస్ఏ కార్డు కూర్చోబెట్టండి. జంపర్లు (సెట్టింగ్ మార్చే చిన్న పిన్ను మూతలు) లేని కార్డయితే డాస్‌లో యూనిసౌండ్ అనే ఉచిత ప్రోగ్రాము దాన్ని మేల్కొలుపుతుంది. పని కాగానే మెమరీలోంచి వెళ్లిపోతుంది. ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో దానికి ముందు వరుసలో ‘సెట్ బ్లాస్టర్=ఏ220 ఐ5 డీ1 పీ330 టీ4’ ఉండాలి (ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో). ఏ అంటే చిరునామా, ఐ అంటే ఐఆర్‌క్యూ, డీ అంటే డీఎంఏ, పీ అంటే మిడి (వాయిద్యానికి స్వరాల సూచనలు పంపే పద్ధతి) పోర్టు, టీ4 అంటే సౌండ్ బ్లాస్టర్ ప్రో 2. ఐఆర్‌క్యూ 7 వద్దు, అది ప్రింటర్ పోర్టుది.

ఇక స్పీకర్లు ఒక జతే కదా. ఐఎస్ఏ కార్డు శబ్దాన్ని లైవ్ లైన్-ఇన్‌లోకి ఇచ్చేద్దామని అందరికీ తోస్తుంది. విండోస్‌లో ఉన్నంతసేపు అది పని చేస్తుంది. నేరుగా డాస్‌లోకి బూట్ చేస్తే మౌనం. లైవ్ మీది ఏసీ97 కోడెక్ (డిజిటల్ అంకెలను శబ్దపు సంకేతంగా మార్చే చిప్) కరెంటు రాగానే మ్యూట్‌లో లేస్తుంది, డ్రైవర్ వచ్చి తీసేదాకా అలాగే ఉంటుంది. కాబట్టి రెండు కార్డులనూ బయటే కలపండి. 1 కిలో ఓమ్ రెసిస్టర్లు నాలుగు చాలు. ఒక్కో కార్డు ఎడమ చానల్‌కు ఒక్కొక్క రెసిస్టర్ పెట్టి, వాటి రెండో కొసలు కలిపి స్పీకర్ ఎడమకు ఇవ్వండి. కుడి వైపూ అంతే. గ్రౌండ్లు నేరుగా కలపొచ్చు. రెసిస్టర్లు లేకుండా వై-కేబుల్‌తో కలిపితే ఒక కార్డు అవుట్‌పుట్ ఇంకోదాని మీద భారం వేసి శబ్దం తగ్గుతుంది, బొంగురు పోతుంది.

ప్రశ్న: ఆడిజీ 2 జెడ్ఎస్ కార్డు మా సాకెట్ 7 మెషిన్ల పెడితే అస్సలు గుర్తు పడ్తలేదు. అదే కార్డు మా తమ్ముని పెంటియం 4ల బరాబర్ నడుస్తున్నది. స్లాటు పోయిందా? – పరకాల

సాకెట్ 7 అంటే పెంటియం కాలపు బోర్డు. మీ మెషిన్‌లో ఎస్ఎంపీఎస్ (కరెంటు సరఫరా డబ్బా) నుంచి బోర్డుకు వెళ్లే కనెక్టర్ చూడండి. పక్కపక్కన పెట్టే రెండు ముక్కలు (పీ8, పీ9), నల్ల తీగలు మధ్యలో కలిసేలా ఉంటే అది పాత రకం ఏటీ సరఫరా. అందులో +5, +12, -5, -12 వోల్టులే ఉంటాయి. 3.3 వోల్టుల తీగ లేదు. పీసీఐ స్లాటులో 3.3కు పిన్నులు ఉన్నా, ఆ కాలపు బోర్డులు చాలావాటిలో వాటికి కరెంటు ఇవ్వలేదు. అప్పటి కార్డులన్నీ 5 వోల్టుల మీదే బతికేవి కాబట్టి ఎవరికీ లోటు తెలియలేదు. మీ ఆడిజీలా తర్వాత వచ్చిన కార్డులు కొన్ని 3.3ను స్లాటు నుంచే ఆశిస్తాయి. రాకపోతే కార్డు నిద్రలోనే ఉంటుంది.

అనుమానం తీర్చుకోవాలంటే కార్డు తీసేసి, మీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టి, నల్ల ప్రోబ్‌ను డబ్బా లోహానికి ఆనించండి. స్లాటులో ఒకటో పిన్ను డబ్బా వెనక వైపు ఉంటుంది. కార్డు పెట్టినప్పుడు చిప్‌లున్న ముఖం బి వైపు, దాని వీపు ఏ వైపు. ఏ వైపు 21, 27, 33 పిన్నుల దగ్గర 3.3 రావాలి. సున్నా చుట్టూ ఊగుతుంటే సంగతి తేలిపోయినట్టే. ప్రోబ్ మొన మాత్రం సన్నగా ఉండాలి. ఒకటి, రెండు పిన్నుల ప్రాంతంలో ఏ వైపు +12, బి వైపు -12 ఉన్నాయి. అక్కడ జారి పక్క పిన్నును తాకితే చిప్‌సెట్ పోతుంది. చేయి నిలకడ మీద నమ్మకం లేకపోతే ఈ కొలత మానేయండి.

స్లాటుకు బయటి నుంచి 3.3 తెచ్చి అతికించడం మేం చెప్పం. అలాంటి బోర్డుకు దాని ఈడు కార్డే సరి: 1997–99 మధ్య కార్డులు, ఈఎస్ఎస్ సోలో-1, యమహా 724 లాంటివి. ఆడిజీ మీద మనసుంటే ఏటీ తర్వాతి రకమైన ఏటీఎక్స్ సరఫరా ఉన్న బోర్డు చూసుకోండి. ఏటీఎక్స్ 20 పిన్నుల కనెక్టర్‌లో నారింజ తీగలే 3.3.

ఇంకొక మాట. కార్డు అంచున గాటు ఎక్కడుందో చూడండి. 5 వోల్టుల కార్డుకు గాటు బ్రాకెట్‌కు దూరంగా ఉంటుంది, 3.3 వోల్టుల కార్డుకు బ్రాకెట్ దగ్గర ఉంటుంది, రెండూ ఉంటే ఎక్కడైనా కూర్చుంటుంది. కూర్చోని కార్డును ఆకురాయితో రాసి కూర్చోబెట్టిన వాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

కొనేటప్పుడు పేరు చూసి మోసపోవద్దు. ‘లైవ్ 24-బిట్’ (ఎస్‌బీ0410), ‘ఆడిజీ ఎస్ఈ’ (ఎస్‌బీ0570) పేరుకే ఆ కుటుంబం. లోపలి చిప్ వేరు, పైన చెప్పిన లైవ్ డాస్ డ్రైవర్ (ఎస్‌బీఈఐనిట్) వాటి మీద పని చేయదు. డెల్ మెషిన్లలో వచ్చిన ఎస్‌బీ0200 కూడా మామూలు లైవ్ డ్రైవర్లను ఒప్పుకోదు.

ప్రశ్న: 386 డీఎక్స్-40 ఉన్నది, ఐఎస్ఏ తప్ప వేరే స్లాటు లేదు. పాత కార్డులు కొందామంటే ధరలు మండుతున్నయి. ఇప్పుడు కొత్తగ తయారు చేసిన ఐఎస్ఏ సౌండ్ కార్డులు ఉన్నయంటున్నరు, నిజమేనా? పెట్టే ముందు ఏం చూసుకోవాలె? – కరీంనగర్

నిజమే, మీలాంటి మెషిన్‌కు అవి మంచి దారి. అందరికీ తెలిసినది పికోగస్. 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో చిప్‌ను ఐఎస్ఏ కార్డు మీద పెట్టారు, దాని డిజైన్ అందరికీ బహిరంగమే. ఒకే కార్డు గ్రావిస్ అల్ట్రాసౌండ్‌గానో, సౌండ్ బ్లాస్టర్ 2.0గానో, ఆడ్‌లిబ్‌గానో, టాండీగానో (అన్నీ ఆ కాలపు శబ్ద పరికరాలే) వేషం మారుస్తుంది. పీగస్‌ఇనిట్ అనే ప్రోగ్రాముతో మోడ్ ఎంచుకుంటారు. గస్ (గ్రావిస్ అల్ట్రాసౌండ్) మోడ్‌లో ఆటలకు బ్లాస్టర్ వరుస చాలదు, అల్ట్రాసౌండ్ తాలూకు ‘సెట్ అల్ట్రాస్ండ్’ వరుస కూడా రాయాలి. అది మరిచిపోయి కార్డు మీద నిందలు వేసేవాళ్లు ఎక్కువ. సౌండ్ బ్లాస్టర్ 2.0 అంటే మోనో అన్నది గుర్తుంచుకోండి. అసలైన గ్రావిస్ 1992లో 256 కేబీ మెమరీతో వచ్చింది, ఇది నిండుగా 1 ఎంబీ ఇస్తుంది.

కార్డు తెప్పించే ముందు బోర్డును చూడండి. కీబోర్డు కనెక్టర్ దగ్గర నీలమో ఆకుపచ్చో పీపాలాంటి బ్యాటరీ ఉందా? అది 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం. ముప్పై ఏళ్లలో కారకుండా మిగిలినవి అరుదు. చుట్టూ పచ్చటి, తెల్లటి పొక్కులు లేచి ఉంటే ఆ రసం రాగి దారులను తింటోందన్నమాట. ఐఎస్ఏ స్లాటు మొదటి పిన్నులు చాలా బోర్డుల్లో దాని పక్కనే ఉంటాయి. అలాంటి బోర్డులో ఎంత కొత్త కార్డు పెట్టినా మెషిన్‌కు దొరకదు. బ్యాటరీని కట్ చేసి తీసేయండి. రసం క్షారం కాబట్టి తెల్ల వెనిగర్‌లో ముంచిన టూత్‌బ్రష్‌తో రుద్దండి. నురగ ఆగాక నీటి తడితో, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒక రోజు నీడన ఆరబెట్టండి. కొత్తగా సీఆర్2032 పెడితే ప్లస్ తీగలో 1ఎన్4148 డయోడ్ తప్పనిసరి, గీత ఉన్న కొస బోర్డు వైపు. డయోడ్ లేకపోతే బోర్డు పాత అలవాటుగా ఆ బిళ్లను చార్జ్ చేయబోతుంది. అది చార్జ్ అయ్యే జాతి కాదు, ఉబ్బి పగులుతుంది.

తర్వాత బయోస్‌లో ఏటీ బస్ క్లాక్ (ఐఎస్ఏ స్లాట్లు నడిచే వేగం) చూడండి. ఐఎస్ఏ వేగం 8 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండాలి. ఆ రోజుల్లో గ్రాఫిక్స్ వేగం కోసం దీన్ని 10, 13 దాకా లేపి వదిలేసిన మెషిన్లు చాలా ఉన్నాయి. అక్కడ సౌండ్ కార్డు ఒకసారి దొరుకుతుంది, ఒకసారి దొరకదు, డీఎంఏ మధ్యలో తెగి శబ్దం చిటపటలాడుతుంది. ముందు దాన్ని దించి చూడండి. చిటపట అక్కడే ఆగిపోవచ్చు.

పాత కార్డే ఎక్కడైనా దొరికిందనుకోండి, అప్పుడు -5 వోల్టుల సంగతి చూడాలి. తొలినాటి కొన్ని ఐఎస్ఏ కార్డులకు అది కావాలి. ఈ కాలపు ఏటీఎక్స్ సరఫరాల్లో ఆ తెల్ల తీగ ఎప్పుడో తీసేశారు. ఐఎస్ఏ స్లాటు బి వైపు 5వ పిన్ను -5, 7వది -12, 9వది +12. -5 రాకపోతే -12 నుంచి 7905 రెగ్యులేటర్‌తో తయారు చేసుకోవచ్చు. ఇన్‌పుట్ వైపు 2.2, అవుట్‌పుట్ వైపు 1 మైక్రోఫారడ్ టాంటలమ్ కెపాసిటర్లు, ప్లస్ కొసలు గ్రౌండుకు. ఇక్కడే చేతులు కాల్చుకుంటారు. +5 వోల్టుల రెగ్యులేటర్ 7805 అలవాటుతో కాళ్లు కలుపుతారు. 7905లో మొదటి కాలు గ్రౌండు, మధ్యది ఇన్‌పుట్, మూడోది అవుట్‌పుట్. దాని లోహపు వీపు కూడా ఇన్‌పుట్టే, అంటే -12. దాన్ని డబ్బాకు బోల్టు వేస్తే -12 నేరుగా షార్ట్. కింద మైకా ముక్క, బోల్టుకు ప్లాస్టిక్ బుష్ ఉండాలి. ఈ విడిభాగాలు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

విదేశం నుంచి వచ్చిన పాత ఎస్ఎంపీఎస్ వాడుతుంటే వెనక ఎర్ర స్విచ్ 230 మీద ఉందో లేదో ప్లగ్గు పెట్టక ముందే చూడండి. 115 మీద ఉంటే లోపలి పెద్ద కెపాసిటర్లు బాంబుల్లా పేలతాయి.

ప్రశ్న: పీసీని ఇంట్ల యాంప్లిఫైయర్‌కు కలిపితే పాటకంటె ‘గుయ్’ అనే మోతే ఎక్కువ. డబ్బా ముట్టుకుంటే సన్నగ షాక్ కొడ్తది. కార్డు మారిస్తే పోతదా? – కాజీపేట

కార్డు మార్చకండి, ముందు ఎర్తింగ్ చూపించండి. ఇది మోత సమస్య కంటే పెద్దది.

ఎస్ఎంపీఎస్ లోపల ఫేజ్ నుంచి డబ్బాకు ఒక చిన్న కెపాసిటర్, న్యూట్రల్ నుంచి డబ్బాకు ఇంకొకటి ఉంటాయి. హైఫ్రీక్వెన్సీ గోలను ఎర్తుకు పంపడం వాటి పని. ఎర్తు లేకపోతే ఆ రెండూ కరెంటును సగానికి పంచి డబ్బా మీద దాదాపు 115 వోల్టులు నిలబెడతాయి. విలువలు చిన్నవి కాబట్టి పారేది అర మిల్లీఆంపియర్ లోపే. మీకు తగిలే జిల అదే. ఆడియో కేబుల్ కలిపినప్పుడు ఆ కరెంటు కేబుల్ షీల్డ్ మీదుగా యాంప్లిఫైయర్‌లోకి దారి చూసుకుంటుంది. మీ గుయ్ మోత అది. కరెంటు మీద ఉండగా జాక్ పెడితే ఆ మొదటి చిటుకు కార్డు అవుట్‌పుట్ చిప్‌ను చంపగలదు. కొత్త కార్డయినా అంతే. కేబుల్ ఎప్పుడూ రెండూ ఆపి కలపండి.

ఎలక్ట్రీషియన్‌తో సాకెట్‌లో న్యూట్రల్‌కు, ఎర్తుకు మధ్య వోల్టేజీ కొలిపించండి. ఒకటి రెండు వోల్టులు ఉంటే బాగున్నట్టు, పదుల్లో ఉంటే ఎర్తు తెగిందన్నమాట. మన దగ్గర పాత ఇళ్లలో ఎర్తు పైపు చుట్టూ బొగ్గు, ఉప్పు పోసి పూడ్చిన గుంతే ఉంటుంది. ఏప్రిల్, మేలో నేల పగిలేంత ఎండినప్పుడు అది పేరుకే ఎర్తు. వారానికి రెండు బకెట్ల నీళ్లు పోస్తే తేడా కనిపిస్తుంది. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల ప్లగ్గుగా వాడితే మోత తగ్గుతుందని చెప్పేవాళ్ల మాట వినకండి. ఆ పిన్నే మీ ప్రాణానికి కాపలా.

ఎర్తు బాగైనా సన్నటి మోత మిగిలితే పీసీని, యాంప్లిఫైయర్‌ను ఒకే స్పైక్ బస్టర్‌కు పెట్టండి. యాంప్లిఫైయర్‌కు డిష్ కేబుల్ కూడా కలిసి ఉంటే దాన్ని పీకి చూడండి. మోత ఆగితే గ్రౌండ్ లూప్ (రెండు ఎర్తు దారుల మధ్య తిరిగే కరెంటు) అటు నుంచి వస్తోంది. అప్పుడు చానల్‌కు ఒకటి చొప్పున 600:600 ఓమ్‌ల ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు రెండు మధ్యలో పెట్టండి.

మౌస్ కదిపినప్పుడు, హార్డ్‌డిస్క్ తిరిగినప్పుడు వచ్చే కీచుమనే శబ్దం వేరే జాతి. అది డబ్బా లోపలిది. మిక్సర్‌లో మైక్, ఆక్స్, పీసీ స్పీకర్ మ్యూట్ చేయండి. కార్డును గ్రాఫిక్స్ కార్డుకు ఎంత దూరం జరపగలిగితే అంత జరపండి. కొన్ని పాత కార్డుల మీద టీఈఏ2025 అనే చిన్న యాంప్లిఫైయర్ చిప్ ఉంటుంది, బయటి యాంప్లిఫైయర్ ఉన్నప్పుడు అది గోలను పెంచడానికి తప్ప పనికిరాదు. పక్కన ఉండే జంపర్లను లైన్-అవుట్ వైపు మార్చండి.

ప్రశ్న: ఆటల చప్పుళ్లు వస్తున్నయి గాని సీడీ మీది పాట మాత్రం వస్తలేదు. డ్రైవ్ కొత్తది, సాటా. – జగిత్యాల

ఆ రోజుల్లో సీడీ పాట కంప్యూటర్ బస్ మీదుగా రాదు. డ్రైవే పాట చదివి, వెనకున్న నాలుగు పిన్నుల సన్న కేబుల్ ద్వారా అనలాగ్‌గా సౌండ్ కార్డుకు ఇచ్చేది. సాటా డ్రైవ్‌లకు ఆ కనెక్టరే లేదు. డాస్ కోసమైతే వెనక అనలాగ్ ఆడియో ఉన్న ఐడీఈ (సాటాకు ముందటి రకం) డ్రైవ్ తప్పదు. కేబుల్‌లో మధ్య రెండూ గ్రౌండు, చివరివి ఎడమ, కుడి. తిరగేసి పెట్టినా ఏం కాదు, చానళ్లు తారుమారవుతాయి, అంతే. విండోస్ 98 ఎస్ఈలో ఆడేవాటికి డ్రైవ్ ప్రాపర్టీస్‌లో డిజిటల్ సీడీ ఆడియో టిక్ పెట్టి చూడండి.

ప్రశ్న: పాత లాప్‌టాప్, సౌండ్ లేదు, స్లాటు లేదు. ప్రింటర్ పోర్టు ఒక్కటే ఉన్నది. ఏమన్న చేయొచ్చా? – మంచిర్యాల

చేయొచ్చు, అదీ చేతి ఖర్చుతో. ప్రింటర్ పోర్టులో ఎనిమిది డేటా పిన్నులున్నాయి. వాటి మీది అంకెను వోల్టేజీగా మారిస్తే శబ్దమే. 1980లలో కోవాక్స్ అనే కంపెనీ చేసింది అదే.

1 శాతం 10 కిలో ఓమ్ రెసిస్టర్లు 25 తీసుకోండి. పద్దెనిమిదింటిని రెండేసి వరుసగా కలిపితే 20 కిలో ఓమ్‌లవి తొమ్మిది వస్తాయి, మిగిలిన ఏడు 10 కిలోలుగానే ఉంటాయి. ఏడు 10 కిలోలను గొలుసులా కలపండి. గొలుసుకు ఎనిమిది ముడులు ఏర్పడతాయి. ఒక్కో ముడికి ఒక్కో 20 కిలో, దాని రెండో కొస పోర్టు పిన్నుకు: మొదటి ముడికి 2వ పిన్ను, తర్వాత 3, అలా చివరి ముడికి 9వ పిన్ను. మిగిలిన తొమ్మిదో 20 కిలో మొదటి ముడి నుంచి గ్రౌండుకు. గ్రౌండు 18 నుంచి 25 వరకు ఏ పిన్నయినా సరే. శబ్దం చివరి ముడి దగ్గర, అంటే 9వ పిన్ను ఉన్న చోట వస్తుంది. వరుస తిరగబడితే పాట బదులు ఇసుక రాసినట్టు బరబర వస్తుంది. తొంభై పాళ్లు తప్పు అక్కడే జరుగుతుంది.

చివరి ముడి నుంచి గ్రౌండుకు 2.2 కిలో ఓమ్, దానికి సమాంతరంగా 10 నానోఫారడ్ పెట్టండి. మొదటిది 5 వోల్టులను యాంప్లిఫైయర్ తట్టుకునే 0.9కు దించుతుంది. రెండోది 9 కిలోహెర్ట్జ్ దగ్గర నుంచి పైనున్న కరకరను కోసేస్తుంది. ఆ తర్వాత 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, ప్లస్ ముడి వైపు. బయోస్‌లో పోర్టును 378 చిరునామా మీద, మామూలు ఎస్‌పీపీ మోడ్‌లో ఉంచండి.

దీనికి ఐఆర్‌క్యూ, డీఎంఏ లేవు, ప్రతి శాంపిల్‌నూ ప్రాసెసరే మోయాలి. మాడ్ (ఆ కాలపు ఒక రకం పాటల ఫైళ్లు) ప్లేయర్లు, మెనూలో కోవాక్స్ పేరున్న ఆటలే పలుకుతాయి. సౌండ్ బ్లాస్టర్ తప్ప తెలియని ఆటకు ఇది కనిపించదు. ఎఫ్ఎం సంగీతం కావాలంటే ఓపీఎల్2ఎల్‌పీటీ అనే కొత్త తయారీ డబ్బా ఉంది. ప్రింటర్ పోర్టుకే తగిలించుకుంటారు, లోపల అసలైన యమహా వైఎం3812 ఉంటుంది. ఆటలు ఎఫ్ఎం చిప్ కోసం వెతికే 388 చిరునామాకు వెళ్లే రాతలను దానికి మళ్లించే చిన్న ప్రోగ్రాము నడవాలంటే ప్రాసెసర్ 386 అయినా కావాలి.

ప్రశ్న: సౌండ్ బ్లాస్టర్ 16 మీద కొత్త వేవ్‌టేబుల్ బోర్డు పెట్టినం. సంగీతం అద్భుతం, కాని అప్పుడప్పుడు ఒక స్వరం పట్టుకొని ఆగకుండ మోగుతనే ఉంటది. – నిజామాబాద్

వేవ్‌టేబుల్ బోర్డు (వాయిద్యాల రికార్డింగులతో మిడి సంగీతం పలికించే చేర్పు) తప్పు కాదు. డీఎస్‌పీ (కార్డు మీది ముఖ్య శబ్దపు చిప్) వెర్షన్ 4.11 నుంచి 4.13 వరకు ఉన్న సౌండ్ బ్లాస్టర్ 16 కార్డుల్లో ఇది పుట్టుకతో వచ్చిన లోపం. చప్పుళ్లు, మిడి ఒకేసారి నడిచినప్పుడు ఒక మిడి సందేశం జారిపోతుంది. అది ‘స్వరం ఆపు’ అన్న సందేశమైతే మీరు చెప్పినట్టే మోగుతుంది. కార్డు డయాగ్నోజ్ ప్రోగ్రాములో వెర్షన్ చూడండి. 4.05 ఉన్న కార్డుకు బోర్డు మార్చినా, 26 పిన్నుల హెడర్ ఉన్న వేరే చిప్ కార్డుకు మార్చినా పోతుంది. మార్చేటప్పుడు ఒకటో పిన్ను గుర్తు సరిచూసుకోండి. ఆ హెడర్‌లో ±12 వోల్టులు ఉన్నాయి.

ప్రశ్న: ఐఎస్ఏనే లేని కోర్ 2 డ్యూయో బోర్డు ఉన్నది, సౌండ్ బోర్డు మీదిదే. దాని మీద డాస్ ఆటలు ఆడొచ్చా? – సిద్దిపేట

ఆడొచ్చు. ఎస్‌బీఈఎంయూ అనే ఉచిత ప్రోగ్రాము బోర్డు మీదే వచ్చే హెచ్‌డీ ఆడియోను, ఏసీ97ను డాస్‌లో సౌండ్ బ్లాస్టర్‌గా చూపిస్తుంది. ఎఫ్ఎం పనిని ప్రాసెసర్ చేత చేయిస్తుంది, మీ మెషిన్‌కు అది లెక్కలోది కాదు. వరుస తప్పకూడదు. ముందు మైక్రోసాఫ్ట్ ఈఎంఎం386 తీసేసి దాని బదులు జెమ్ (అదే పని చేసే ఉచిత ప్రోగ్రాము) లోడ్ చేయాలి. తర్వాత జెమ్‌తో వచ్చే జేలోడ్‌తో క్యూపీఐఈఎంయూ, ఆ తర్వాత హెచ్‌డీపీఎంఐ32ఐ, చివర్లో ఎస్‌బీఈఎంయూ. క్యూపీఐఈఎంయూ మామూలు డాస్ ఆటల కోసం, హెచ్‌డీపీఎంఐ ప్రొటెక్టెడ్ మోడ్ ఆటల కోసం. ఏ రకం ఆటలో శబ్దం లేదో చూస్తే వాటిలో ఏది లోడ్ కాలేదో తెలిసిపోతుంది. ఆట సెటప్‌లో 220, 5, 1 ఇవ్వండి. లోడ్ అయినా శబ్దం రాకపోతే స్పీకర్ జాక్‌ను డబ్బా ముందు నుంచి తీసి వెనకనున్న ఆకుపచ్చ జాక్‌కు పెట్టి చూడండి.